రెండో బ్రేకు మీద కాలు

పరీక్షా మైదానం,
రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల.

గయ్యాళి వదినకి గడుసు మరదలి దండాలు!

చేరాను, బతికే ఉన్నాను. ఫోను ఎత్తడం లేదని ఈపాటికి నువ్వు ఇల్లు పీకి పందిరేసి ఉంటావు. తప్పు నాది కాదు. ఇది కార్లు ఒకదానితో ఒకటి రేడియోలో మాట్లాడుకునే చోటు. పక్కన మన ఫోన్లు కూడా వాగుతుంటే లెక్కలు చెడిపోతాయని గేటు దగ్గరే లాగేసుకున్నారు. గేటు తాత మహా నిక్కచ్చి మనిషి. నా చేతిసంచీ మూతకి చిన్న అయస్కాంతం ఉంటే, దాన్ని కూడా కత్తిరించి డబ్బాలో వేసి చీటీ ఇచ్చాడు. "పని అయ్యాక పట్టుకెళ్ళమ్మా. అందాకా ఉత్తరాలు రాసుకో. మేమంతా అలాగే కాపరాలు చేశాం" అన్నాడు.

"అంత చదువూ చదివి కార్ల మధ్య కబుర్లు మోయడానికి పోతున్నావా" అని బయల్దేరేటప్పుడు వెక్కిరించావు కదా. మోయడం కాదు వదినా, తగ్గించడం నా పని. ఒక్కో కారులో ఒక చిన్న పెట్టె ఉంటుంది. అది సెకనుకి పదిసార్లు "నేనిక్కడున్నా, ఇంత వేగంలో పోతున్నా, ఇటు తిరుగుతున్నా" అని చుట్టుపక్కల కార్లకి చెబుతూ ఉంటుంది. నాలుగు కార్లుంటే ముచ్చటగానే ఉంటుంది. నలభై అయ్యాయా, అందరూ ఒకేసారి నోరు తెరుస్తారు, మాట మీద మాట పడి రెండూ చెడిపోతాయి. ఆ గోలలో ఎవరైనా "బాబోయ్, బ్రేకు వేశా!" అన్నా వెనకవాడికి వినపడదు. అచ్చం మీ అక్కచెల్లెళ్ళందరూ మన ఇంట్లో చేరిన రోజులాగే.

నా మందు తేలిక. ఎదుటివాడు ఊహించుకోగలిగింది చెప్పకు. తిన్నగా అదే వేగంతో పోతున్నావా, నోరు మూసుకో, వాళ్ళే అనుకుంటారు. ఊహకి అందని పని చేశావా, అప్పుడు చెప్పు. దీనికి ఊహ పద్ధతి అని పేరు పెట్టాను. పక్క గదిలో ఇంకో ఇంజినీరు ఉన్నాడు. రేడియో బలం పెంచి అందరూ ఇంకా గట్టిగా అరవాలన్నది ఆయన మందు. మేం ఆయన్ని గొంతుసారు అంటాం. ఆయన మాట్లాడితే టీ కప్పులు కదులుతాయి, పాపం మంచివాడే.

మన ఉత్తరాల్లోనూ ఈ పద్ధతే పాటిద్దాం. నేను ఊహించుకోగలిగింది నువ్వు రాయకు. నువ్వు ఊహించగలిగింది నేను రాయను.

నీ మరదలు

*

డ్రైవింగ్ స్కూలు,
పై వాటా, వంటగది.

మరదలు పిల్లకి వదిన మొట్టికాయలు!

ఊహించుకోగలిగింది రాయకూడదా? అయితే నేను రాయడానికి ఏం మిగులుతుందే? పొద్దున పాలు పొంగిపోయాయి. మీ అన్నయ్య కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికారు. అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. ఇవన్నీ నీకు తెలిసినవే, అయినా రాస్తాను. ఊహించుకుని నవ్వడం వేరు, చదువుకుని నవ్వడం వేరు. నీ పద్ధతి నీ కార్లకి చెప్పుకో.

కింద స్కూలు జోరుగా సాగుతోంది. పంటి డాక్టరు కొత్తగా చేరాడు. గేరు కర్రని రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగించి, పన్ను పీకినట్టు పీకుతాడు. రిటైరైన హెడ్మాస్టరుగారైతే బండి ఆగిపోయినప్పుడల్లా ఇంజనుని "నిలబడు, నిలబడు" అని గద్దిస్తారు. అది నిలబడే ఉంటుంది, అదే కదా గొడవ! టైలరు మలుపు వచ్చినప్పుడల్లా అద్దాలు తుడిచే పుల్లలు ఆడిస్తాడు. ఎండలో, వానలో, ఎప్పుడైనా సరే. వీళ్ళందరి పక్కనా కూర్చుని, నేర్పేవాళ్ళ వైపు ఉండే రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని ఉండటం నా బతుకు. నా కుడికాలి చెప్పు అరిగి కాగితమైంది. ఎడమది ఇంకా కొత్త పెళ్ళికూతురిలా ఉంది.

మీ అన్నయ్య క్లాసు సంగతి సరేసరి. రోడ్డు గుర్తులు, నియమాలు, ఎంత వేగానికి ఎంత ఎడం ఉండాలి, అన్నీ బోర్డు మీద రంగు సుద్దలతో గీసి చెబుతారు. అంత బాగా చెప్పే మనిషి ఈ చుట్టుపక్కల లేడు. స్టీరింగు ముట్టుకోమంటే మాత్రం చేతులు వెనక్కి కట్టుకుంటారు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు! పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి కూర్చోబెట్టాను. బండి మన గేటు స్తంభాన్ని ముద్దుపెట్టుకుంది. నేను అరిచిన అరుపుకి వీధంతా బయటికి వచ్చింది. అంతే, ఆ రోజు దిగిన మనిషి మళ్ళీ ఎక్కలేదు. డ్రైవింగ్ స్కూలావిడ మొగుడికి డ్రైవింగు రాదని తెలిస్తే జనం నవ్విపోతారని, ఆ రోజు బ్రేకు పాడైందని వీధికి సర్దిచెప్పి మేమిద్దరం ఇన్నేళ్ళుగా దాచుకుంటూ వస్తున్నాం.

నా కోరిక ఒకటుంది, నవ్వకు. ఒక్కసారి ఆయన నడుపుతుంటే నేను పక్క సీట్లో కాళ్ళు పైకి ముడుచుకుని బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. కింద బ్రేకు ఉందన్న సంగతే మర్చిపోవాలి. ఈ జన్మకి అయ్యే పని కాదులే.

వేళకి తిను. ఇది కూడా ఊహించే ఉంటావు.

వదిన

*

పరీక్షా మైదానం,
అదే బల్ల, మీద టీ ఒలికిన మరక.

బొంగురు గొంతు వదినకి,

గెలిచాను వదినా! మైదానంలో డ్రైవర్లు డజను మంది ఉన్నారు. గీత గీసినట్టు నడుపుతారు. వాళ్ళ కార్లకి నా పద్ధతి పెట్టేసరికి పది మాటలుండే చోట ఒక్క మాట మిగిలింది. తెర మీద రేడియో గీత నేల మీద పడుకున్న పిల్లిలా కదలకుండా ఉంది. పెద్దసారు కుర్చీలోంచి లేచి నా భుజం తట్టాడు. గొంతుసారు కూడా "బాగుందమ్మా!" అన్నాడు, కిటికీ అద్దం ఊగింది.

అంతా బాగానే ఉంది కానీ ఒక పేచీ వచ్చిపడింది. నెల తిరిగేలోపు కమిటీ వాళ్ళు వస్తారట. డజను కార్లు చాలవు, నలభై కావాలన్నారు. మైదానంలో దారి గుండ్రంగా తిరుగుతుంది, ఒక చోట మలుపు చాటున ఒక వరసలో స్పాంజితో చేసిన లారీ బొమ్మ నిలబెడతాం. పక్క వరసలో ముందు పోయే కారు దాన్ని చూసి ఆగగానే దాని పెట్టె "ఆగండి!" అని చెప్పాలి. వెనక ఉన్నవాళ్ళకి లారీ కనపడదు కాబట్టి ఆ మాట విని ఆగాలి. వింటే నా పద్ధతి గెలిచినట్టు. వినకపోతే గొంతుసారు మందే అన్ని కార్లకీ పోస్తారు, నన్ను మళ్ళీ సీటు బెల్టుల విభాగంలో పడేస్తారు. మూడేళ్ళు ప్లాస్టిక్ బొమ్మలకి బెల్టులు పెట్టిన దాన్ని. మళ్ళీ ఆ బొమ్మల మొహాలు చూడలేను వదినా, ఏడుపొస్తుంది.

కార్లు ఉన్నాయి, నడిపేవాళ్ళు లేరు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు? నీ దగ్గర నేర్చుకుని చక్కగా నడుపుతున్నవాళ్ళని ఓ పాతికమందికి పైగా, వీలైతే నలభై మందినీ పంపించు. మైదానం డ్రైవర్లని వేరే పని మీద పంపేస్తున్నారు. భోజనం మాది, బస్సు మాది.

నీ మరదలు

*

డ్రైవింగ్ స్కూలు.

మరదలికి,

నలభై మందిని పంపిస్తున్నాను. అందరూ ఆరితేరినవాళ్ళే. దారిలో వాళ్ళ మంచి చెడ్డా చూడటానికి మీ అన్నయ్యని తోడు పంపిస్తున్నాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇంతకంటే రాయడానికేం లేదు. నీ పద్ధతే పాటిస్తున్నాను.

వదిన

*

పరీక్షా మైదానం,
బల్ల కింద. నిజంగానే కింద కూర్చుని రాస్తున్నాను.

ఓ వదినా! ఓ నా కొంపముంచిన వదినా!

నీ ఉత్తరం నాలుగు ముక్కల్లో అయిపోయినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నువ్వు పాలు పొంగడం గురించి రాయలేదంటే ఎక్కడో ఏదో పొంగుతోందనే కదా! ఆరితేరినవాళ్ళా? బస్సులోంచి మొదట దిగింది పంటి డాక్టరు. నేను అడక్కముందే "గేర్లు ఎన్నమ్మా, నాలుగా అయిదా?" అన్నాడు.

గేటు తాత అందరి జేబులూ వెతికి ఫోన్లన్నీ తీసుకున్నాడు కానీ, ఎవరికి నడపడం వచ్చో అడగలేదు, అది ఆయన పని కాదట. కమిటీ వాళ్ళు మెట్ల మీద కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఇంక వెనక్కి తగ్గే వీలు లేదు కదా, జెండా ఊపాం. నడక వేగం కన్నా కాస్త ఎక్కువ, అంతే, అయినా చూడాలి ఆ వైభోగం! టైలరు మలుపులో పుల్లలు ఆడించాడు. హెడ్మాస్టరుగారి బండి ఆగింది, కదిలింది, మళ్ళీ ఆగింది, వెనక్కి వెళ్ళింది. ఆయన కిటికీలోంచి దాన్ని గద్దిస్తున్నారు. ఒకావిడ హారన్ మీద మోచెయ్యి పెట్టి ఏది మోగుతోందా అని వెతుక్కుంటోంది. పంటి డాక్టరు కారు కప్పలా గెంతుతూ పోయింది.

ఊహకి అందని పని చేస్తేనే మాట్లాడమన్నాను కదా? నీ నలభై మందీ క్షణానికోసారి ఊహకి అందని పనే చేశారు! ప్రతి పెట్టే "అయ్యో, నేను ఆగా! కాదు కదిలా! కాదు ఆగా!" అని మొత్తుకుంది. తెర మీద గీత పైకి లేచి తెర దాటి పోయింది. నా పద్ధతి లేనప్పటి కన్నా గోల ఎక్కువైంది వదినా. మందు తాగితే రోగం ముదిరినట్టు. "ఆగండి" అన్న కబురు ఆ గోలలో కొట్టుకుపోయింది, ఒక కారు వెళ్ళి స్పాంజి లారీని గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు, లారీ మెత్తగా పడుకుంది.

కమిటీలో ఒకాయన నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. నేనూ నవ్వాను. తర్వాత బల్ల కిందకి వచ్చి ఏడ్చాను. ఇప్పుడు మళ్ళీ ఆ హారన్ ఆవిడ గుర్తొచ్చి నవ్వొస్తోంది, నాకేం పట్టిందో.

కమిటీ అధ్యక్షురాలు ఒక్క మంచి మాట అంది. "రోడ్డు మీద ఉండేది వీళ్ళే కదా. గీత గీసినట్టు నడిపేవాళ్ళు కాదు. వచ్చే నెల మళ్ళీ రండి, ఇదే మనుషులతో చేసి చూపించండి" అంది. ఇదే మనుషులతోనట!

అన్నయ్య బాగా సాయం చేశాడు. క్షేమంగా చేరాడనుకుంటాను.

మరదలు, సీటు బెల్టుల విభాగం గుమ్మంలో

*

డ్రైవింగ్ స్కూలు,
మెట్ల మీద.

కోపంగా ఉన్న మరదలికి, అంతకన్నా కోపంగా ఉన్న వదిన రాస్తున్నది.

అవును, అబద్ధం చెప్పాను. ఏం చెయ్యను? నడపడం వచ్చినవాళ్ళంతా ఉద్యోగాల్లో ఉన్నారు, ఎవరికీ సెలవు దొరకలేదు. నువ్వు మళ్ళీ ఆ బొమ్మలకి బెల్టులు పెట్టడం నేను చూడలేను. నీకు సాయం చెయ్యాలన్న ఆత్రంలో ఉన్నవాళ్ళనే పంపించాను. తిట్టాలంటే నన్ను తిట్టు, నా పిల్లల్ని అంటే మాత్రం ఊరుకోను. హెడ్మాస్టరుగారికి డెబ్బై ఏళ్ళు, నాకు పిల్లాడే.

అసలు తప్పంతా మీ వాళ్ళది. నేను వట్టి చేతులతో పంపించానా? బస్సులో నలభై ఎల్ బోర్డులు పెట్టి పంపాను, ఎర్రగా, పెద్దగా, కొత్తవి! వెనకాల అయస్కాంతం ఉందని మీ గేటు తాత అన్నీ లాక్కుని ఫోన్లతో పాటు డబ్బాలో వేశాడట. నా విద్యార్థులు ఎల్ బోర్డు లేకుండా ఎప్పుడైనా రోడ్డెక్కారా? బోర్డు ఉంటే జనం ఒక్కసారి చూస్తారు, "అమ్మో, ఇది నేర్చుకునే బండి" అనుకుని ఎడంగా ఉంటారు. ఇంక వాడు గెంతాడా, ఆగాడా అని ఎవడూ లెక్కపెట్టడు. బోర్డు పీకేసి, వాళ్ళు గెంతిన ప్రతి గెంతుకీ ముక్కున వేలేసుకుంటే ఎలాగే? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

సరే, అది వదిలెయ్. మీ అన్నయ్యకి అక్కడ ఏమైంది? వచ్చిన దగ్గర్నుంచి మనిషి మనిషిలా లేరు. క్లాసుకి వెళ్తున్నారు, బోర్డు తుడుస్తున్నారు, మళ్ళీ తుడుస్తున్నారు, ఏమీ గీయకుండా వచ్చేస్తున్నారు. నిన్న భోజనం ముందు కూర్చుని "నేను క్లాసు మానేస్తాను, ఇంకెవరినైనా పెట్టుకో" అన్నారు.  నలభై మందినీ అడిగాను. నేను కనపడగానే నలభై నోళ్ళూ ఒక్కసారి మూతపడుతున్నాయి. పంటి డాక్టరుని గట్టిగా నిలదీస్తే "సారు ఒట్టు వేయించుకున్నారండీ" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పారిపోయాడు.

లారీని గుద్దిన ఆ ఒక కారు ఎవరిదే?

వదిన

*

పరీక్షా మైదానం,
బల్ల మీద. నిజంగా బల్ల మీదెక్కి కూర్చున్నాను.

బంగారు వదినా, వజ్రాల వదినా!

నీ తిట్లు చదివి నేను గంతులేశాను. గొంతుసారు తలుపు తీసి "ఏమైందమ్మా?" అంటే ఆయన్ని పట్టుకుని గిర్రున తిప్పాను. నువ్వు నన్ను ఉద్ధరించాలని రాయలేదని నాకు తెలుసు, కడుపుమంటతో రాశావు. అయినా సరే, నీ నోట్లో పంచదార పొయ్యాలి. ఎల్ బోర్డు! ఒక్క బోర్డు, ఒక్క చూపు, అంతే, ఇంక లెక్కలేదు!

పెట్టెలకి కొత్త బుద్ధి నేర్పుతున్నాను. నువ్వు చేసే పనులు వరసగా ఎవరి ఊహకీ అందడం లేదా, ప్రతిదీ చాటుకోకు. ఒక్కసారి "నా మీద నమ్మకం పెట్టుకోకండి, ఎడం ఉంచండి" అని చెప్పు. తర్వాత ఎక్కడున్నావో మాత్రం తీరిగ్గా, అప్పుడప్పుడూ చెప్పు. మిగతా కార్లు దానికి ఎడం ఇస్తాయి. దారి ఖాళీగా ఉంటుంది, "ఆగండి" అన్న కబురు హాయిగా నడిచిపోతుంది. గొంతుసారుకి చెబితే గొంతు తగ్గించి "మళ్ళీ చెప్పమ్మా" అన్నాడు, అదే నాకు పెద్ద బహుమతి. తర్వాత తనే కూర్చుని నాతో పాటు లెక్కలు చేస్తున్నాడు. కాగితం మీద పని చేస్తోంది. ఇంక మైదానం మీద చెయ్యాలి, అదే మనుషులతో.

ఇప్పుడు నీ ప్రశ్న. అన్నయ్య చెప్పొద్దన్నాడు. ఇన్నాళ్ళూ దాచాను, ఇంక దాచను.

ఆ కారు అన్నయ్యది.

ఆ రోజు పూలకొట్టావిడకి బస్సు ప్రయాణంతో కళ్ళు తిరిగి, కారెక్కనని కూర్చుంది. ముప్పై తొమ్మిది మందే అయ్యారు. కమిటీ వాళ్ళు గడియారం చూస్తున్నారు. నా మొహం ఎలా ఉందో ఏమో, అన్నయ్య ఆవిడ చేతిలోంచి తాళం తీసుకున్నాడు. "నేను కూర్చుంటా. నియమాలన్నీ నాకు వచ్చు కదా" అన్నాడు. అంటూనే ఎక్కాడు వదినా. బాగా నడిపాడు కూడా. నలభైమందిలో తిన్నగా పోయిన కారు అదొక్కటే. మలుపు దగ్గర కబురు అందలేదు, లారీ కనపడలేదు, వెళ్ళి దాని ఒళ్ళో పడ్డాడు. దిగి, కళ్ళజోడు తుడుచుకుని, "చూశావా, నాకు చేతకాదు" అని తాళం నా చేతిలో పెట్టాడు. మన గేటు స్తంభం నాటి మొహమే అయి ఉంటుంది అది.

అన్నయ్యకి ఈ ముక్క చదివి వినిపించు: అన్నయ్యా, ఆ రోజు నీకు రావాల్సిన కబురు రాలేదు. పంపిన పెట్టె నాది, చెడగొట్టిన పద్ధతి నాది. నీ కాలు తప్పు చెయ్యలేదు. నలభయ్యో కారు నీదే. నువ్వు రాకపోతే నేను గెలిచినా నాకు గెలిచినట్టుండదు.

శనివారం బస్సు పంపిస్తున్నాం.

మరదలు

*

డ్రైవింగ్ స్కూలు,
క్లాసు గది, వెనక బెంచీ.

మరదలు పిల్లా,

ఒంటరిగా చదివి వినిపించమన్నావేమో, నేను క్లాసు మధ్యలో నిలబడి అందరి ముందూ చదివేశాను. నీకు తెలుసు కదా నా సంగతి.  నా కోసం ఇన్నేళ్ళలో ముట్టుకోని స్టీరింగు చెల్లెలి కోసం పట్టుకున్నారా అని ఒక పక్క అసూయ, ఒక పక్క ఆయన్ని అక్కడే వాటేసుకోవాలని. రెండూ చెయ్యలేక ముక్కు చీదుకున్నాను.

ఆయన బోర్డు వైపు తిరిగి తుడవడం మొదలుపెట్టారు, అది అప్పటికే శుభ్రంగా ఉంది. హెడ్మాస్టరుగారు లేచి "సార్, మీరు రాకపోతే నేనూ రాను" అన్నారు. పంటి డాక్టరు లేచాడు. టైలరు లేచాడు. పూలకొట్టావిడ అయితే "నాకు ఈసారి కూడా కళ్ళు తిరుగుతాయండీ, ఇప్పుడే చెప్పేస్తున్నా" అంది!

పొద్దున బస్సు వచ్చింది. ఆయన ఎక్కితే చూడలేను, ఎక్కకపోయినా చూడలేను, అందుకని వంటింట్లోకి పోయి పాలు కాస్తూ నిలబడ్డాను. బస్సు పోయాక బయటికి వచ్చి చూస్తే గుమ్మంలో ఆయన చెప్పులు లేవు.

పాలు పొంగిపోయాయి. నువ్వే రాయి, త్వరగా రాయి.

వదిన

*

పరీక్షా మైదానం,
మెట్ల మీద, ఎండలో.

వదినా, వదినా, వదినా!

ముందు ముఖ్యమైంది చెప్పేస్తాను. ఆగాడు! అన్నయ్య ఆగాడు!

ఇప్పుడు మొదట్నుంచీ. నీ పిల్లలు ఏమీ మారలేదు. టైలరు పుల్లలు ఆడించాడు. హెడ్మాస్టరుగారు గద్దించారు. పంటి డాక్టరు గెంతాడు, ఈసారి ఇంకా ఉత్సాహంగా గెంతాడు. తెర మీద గీత మాత్రం కాస్త లేచి, చుట్టూ చూసి, మళ్ళీ పడుకుంది. ఒక్కో పెట్టే ఒక్కసారి "నేను ఎల్ బోర్డుని బాబూ" అని చెప్పి ఊరుకుంది. కార్ల మధ్య ఎడం తనంతట తనే తెరుచుకుంది. నేను గొంతుసారు చెయ్యి పట్టుకుని ఎంత నొక్కానో, పాపం ఆయన అరవకుండా ఓర్చుకున్నాడు.

మలుపులో పక్క వరస ముందు కారు లారీని చూసి ఆగింది. "ఆగండి" అన్న కబురు వెళ్ళింది. అన్నయ్య కారులో దీపం వెలిగింది. అన్నయ్యకి లారీ కనపడటం లేదు వదినా, కబురొక్కటే కనపడింది. దాన్ని నమ్మి బ్రేకు వేశాడు. వెనకవాళ్ళందరూ వరసగా, గెంతుతూ, మొత్తుకుంటూ ఆగారు. అన్నయ్యకీ లారీకీ మధ్య ఇంకో మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత ఎడం.

కమిటీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. అధ్యక్షురాలు అక్కడికక్కడే "ఇదే అన్ని కార్లలో పెట్టండి" అని పెద్దసారుకి చెప్పేసింది. సీటు బెల్టుల బొమ్మలకి నా చివరి దండం! నేను మెట్లు దిగి పరిగెత్తుకుంటూ అన్నయ్య దగ్గరికి పోయాను. దిగి కళ్ళజోడు తుడుచుకుంటాడనుకున్నాను. దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని, అద్దం దించి, "ఇంకో చుట్టు తిరగొచ్చా?" అన్నాడు.

తిరిగాడు. ఇంకోటి తిరిగాడు. కమిటీ వాళ్ళు భోజనం చేసి వెళ్ళిపోయారు, ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. బస్సు డ్రైవరు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. చివరికి పెద్దసారు జెండా పట్టుకుని అడ్డం నిలబడితే ఆగాడు, అదీ ఎంత మెత్తగా ఆగాడనుకున్నావు! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందు రావాలో వాటికే తెలియలేదు.

ఇంక నా పని అయిపోయింది. వచ్చే ఆదివారం ఇంటికి వస్తాను. ఊహించుకోగలిగినవన్నీ దాచి ఉంచు వదినా. అన్నయ్య కళ్ళజోడు ఎక్కడ వెతికాడు, ఎవరు ఎవర్ని తిట్టారు, ఒక్కటీ వదలకుండా చెప్పాలి. ఆ పద్ధతి కార్లకే బాగుంది, మనకి అచ్చిరాలేదు.

నీ మరదలు

*

దారిలో.

ఒసేయ్ మరదలా,

ఈ ఉత్తరానికి తపాలా బిళ్ళ అంటించను, నీ చేతికే ఇస్తాను. అక్షరాలు వంకరగా ఉంటే నన్ను అనకు, రోడ్డుని అను. నీకు బస్సు అక్కర్లేదు. మేమే వస్తున్నాం.

మేమే అంటే మీ అన్నయ్యే. నేను ఊరికే వస్తున్నాను.

వారం రోజులుగా పొద్దున్నే లేచి మన స్కూలు బండి తుడిచేశారు, నడిపేశారు, పరీక్షకి వెళ్ళి లైసెన్సు తెచ్చుకుని నా ముందు బల్ల మీద పెట్టి ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. నేను అరిచిన అరుపుకి మళ్ళీ వీధంతా బయటికి వచ్చింది. ఈసారి సంతోషపు అరుపని వాళ్ళకెలా తెలుస్తుంది పాపం, పంటి డాక్టరు మందుల పెట్టెతో పరిగెత్తుకొచ్చాడు!

బయల్దేరేటప్పుడు అలవాటు కొద్దీ నా కుడికాలు రెండో బ్రేకు మీదకి పోయింది. ఆయన చూశారు. ముందుకే చూస్తూ కూర్చున్నారు, బండి కదపలేదు. నాకు అర్థమైంది. చెప్పులు విప్పి వెనక సీట్లోకి గిరాటేశాను. అరిగిన దాన్నీ, కొత్త పెళ్ళికూతుర్నీ రెండింటినీ. కాళ్ళు పైకి ముడుచుకున్నాను. అప్పుడు గేరు వేశారు.

బాసింపట్టు వేసుకుని కూర్చున్నానే. కిటికీలోంచి గాలి కొడుతోంది. మీ అన్నయ్య ఎంత వేగానికి ఎంత ఎడం ఉండాలో నాకు క్లాసు చెబుతూ నడుపుతున్నారు. ఎన్నోసార్లు విన్న పాఠమే. మళ్ళీ చెప్పమన్నాను.

అయ్యో, ఈ గీత ఏమిటంటావా? ఇప్పుడే ఒక కుక్క అడ్డం వచ్చింది. నా కలం జారింది కానీ కాలు కదల్లేదు. బండి ఆగింది. ఆయనే ఆపారు. కుక్క మా ఇద్దరి మొహాలూ చూసి తోక ఊపుకుంటూ పోయింది. నేను ఏడుస్తున్నాను, నవ్వుతూ ఏడుస్తున్నాను, ఆయన జేబురుమాలు ఇచ్చి "కాళ్ళు దించకు" అన్నారు.

గేటు కనపడుతోంది. మీ గేటు తాతకి గట్టిగా చెప్పు, ఈ బండికి లాక్కోవడానికి ఎల్ బోర్డు లేదని.

వదిన